గోడ ఉండాల్సిందే

ఇకపై గోడల్లేని తరగతి హాళ్లు కట్టేది లేదని న్యూజిలాండ్ విద్యామంత్రి ఎరికా స్టాన్‌ఫర్డ్ 2025 జులైలో తేల్చి చెప్పారు. అంతకుముందు దశాబ్దానికి పైగా ఆ దేశం మోజుపడి కట్టించినవి అవే. 2010, 2011 భూకంపాల్లో దెబ్బతిన్న క్రైస్ట్‌చర్చ్ బడులను మళ్లీ నిలబెట్టే పనిలో ఈ పద్ధతి బలంగా పాతుకుంది. రెండు మూడు తరగతుల పిల్లలు ఒకే పెద్ద హాల్లో ఉంటారు. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి చెబుతారు. బల్లలకు చక్రాలు, నేల మీద దిండ్లు, మూలకో గుంపు. చూడముచ్చటైన ఏర్పాటే. కొన్నేళ్లు తిరక్కుండానే కొన్ని బడులు మళ్లీ డబ్బు పోసి మధ్యలో అడ్డుగోడలు లేపుకున్నాయి.

ఇంగ్లండు, అమెరికా ఈ సరదా యాభై ఏళ్ల కిందటే తీర్చుకున్నాయి. అమెరికాలో 1970ల నాటి హాళ్లలో మొదట పుస్తకాల బీరువాలు అడ్డం పెట్టారు, ఆఖరికి గోడలే కట్టారు.

మన ఊళ్లకు ఇదేమీ వింత కాదు. ఒకటో తరగతి అక్షరాలు దిద్దుతుంటే, మూడో తరగతి ఎక్కాలు అరుస్తుంటే, ఐదో తరగతికి అదే గదిలో భిన్నాలు చెప్పే పంతులమ్మ ఇప్పటికీ ఉంది. మనం దానికి ఇంగ్లిషు పేరు పెట్టి ఫీజు వసూలు చేయలేదు, అంతే. ఇందులో విద్యాహక్కు చట్టం తప్పు కూడా ఉంది. 2009 నాటి ఆ చట్టం గదులను తరగతుల లెక్కన అడగదు, ఉపాధ్యాయుల లెక్కన అడుగుతుంది: ఒక్కొక్కరికి కనీసం ఒక గది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. అంటే ఐదు తరగతులను రెండు గదుల్లో సర్దినా చట్టం తప్పినట్టు కాదు. వాళ్లు కావాలని గోడలు తీసేశారు, మనం కట్టనే లేదు. చెవిన పడే గోల మాత్రం ఒకటే.

అసలు చిక్కు ఆ చెవి దగ్గరే. సగం మాట వినబడితే మిగతా సగం పెద్దవాళ్లు ఊహించుకుంటారు. పసివాడికి అంత మాటల నిల్వ ఉండదు. ఇంట్లో తెలుగో, కోయో, లంబాడీయో మాట్లాడి బడిలో ఇంగ్లిషు పాఠం వినే పిల్లకు పక్క గుంపు సందడిలో ఒక్క పదం జారినా వాక్యం మొత్తం పోతుంది. తరగతి గదిలో చుట్టుపక్కల చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. సిమెంటు శ్లాబు, నున్నటి గచ్చు, కిర్రుమనే ఫ్యాన్లు ఉన్న మన గదిలో పిల్లలు నోరు విప్పకముందే ఆ హద్దు దాటిపోతుంది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సంస్థ నడిపే గ్రామీణ బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో చక్కగా చదువుకోవడం లేదా అని అడగొచ్చు. చదువుకుంటున్నారు. అక్కడ ఎవరి మెట్టు వారిది, ఎవరి కార్డు వారిది. టీచరు గొంతెత్తి పాఠం చెప్పే పనే తక్కువ. ఆ కార్డుల తయారీకి, ఉపాధ్యాయుల శిక్షణకు ఏళ్లు పట్టింది. గది తీరు ఆ పద్ధతిని బట్టి వచ్చింది. గోడ తీసేస్తే పద్ధతి దానంతటదే నడిచొస్తుందనుకోవడమే న్యూజిలాండ్ చేసిన పొరపాటు.

కలిసి చదవడానికి వరండా ఉంది, చెట్టు నీడ ఉంది, కావాలంటే జరుపుడు తలుపులున్న గది కట్టుకోవచ్చు. న్యూజిలాండ్ కూడా ఇప్పుడు తెరవడానికీ మూయడానికీ వీలైన అలాంటి గదుల వైపే వెళ్తోంది. విశాలంగా కనిపిస్తుంది కదా అని హాలు కట్టి, దాన్నే తరగతి గదుల కింద లెక్క చూపితే ఒప్పుకోరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు బడుల మరమ్మతు అంచనాల్లో ఇకనైనా తరగతికో గది రాయాలి. రంగులకూ బొమ్మలకూ పెట్టే ఖర్చులో కొంత చప్పుడు తగ్గించే పైకప్పుకు మళ్లించాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ ఊళ్లోనో, మీరు ఫీజు కట్టే బడిలోనో కొత్త హాలు తెరిచిన రోజున ఫొటోలు దిగి వచ్చేయకండి. వారం ఆగి వెళ్లి, అన్ని గుంపులకూ పాఠం నడుస్తున్న వేళ చివరి వరుసలో కూర్చుని వినండి.