నిలుపుదల పరిష్కారము కాదు

కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లా అడవులలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల మేరను ‘కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు’గా ప్రకటించుచు 2025 మే 30వ తేదీన వెలువడిన 49వ నెంబరు జీవో, రెండు మాసములైనను నిండకమునుపే, ఆదివాసీ సంఘములు బందు పాటించిన జూలై 21వ తేదీననే నిలుపుదల పాలైనది. బందు ముగిసినది, అధికారులు ఊపిరి పీల్చుకొనిరి. సమస్య మాత్రము ఉన్నచోటనే యున్నది. మహారాష్ట్రలోని తడోబా అడవులనుండి కాగజ్‌నగర్ వైపునకు వచ్చు పులి, జీవో నిలిచినదని తన నడక నిలుపదు. ఆ బాటలో పత్తిచేను దున్నుకొను రైతునకు భయమును తీరదు. మా అభిప్రాయ మిది: ఆ జీవోను పెండింగులో నుంచుట కాక పూర్తిగా రద్దుచేయవలయును, పిమ్మట పులిబాట విషయమును గ్రామసభలలో మొదలుపెట్టి, దీనితో సంబంధము గల పక్షములన్నియు సమానముగ కూర్చుండు సమితిచేత తేల్పింపవలయును.

చట్ట మీ విషయమున మూగగా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002 సవరణచే చేరిన 36ఎ సెక్షను, స్థానిక ప్రజలతో సంప్రదింపులు జరిపిన తరువాతనే రాష్ట్రప్రభుత్వ మిట్టి రిజర్వును ప్రకటింపవచ్చునని చెప్పుచున్నది. 36బి సెక్షను మరియొక అడుగు వేసి, రిజర్వు పరిధిలోని ప్రతి గ్రామపంచాయతీనుండి ఒక ప్రతినిధియు, వన్యప్రాణి రక్షణకు పాటుపడు స్వచ్ఛంద సంస్థలవారు మువ్వురును, వ్యవసాయ, పశుసంవర్ధక, అటవీ శాఖలవారును కలసిన నిర్వహణ సమితి నుండవలెనని విధించుచున్నది. ఇందు రెండు లోపములు గలవు. ఆ సమితి రిజర్వు ప్రకటితమైన పిమ్మట గాని పుట్టదు. పుట్టియు సలహా చెప్పుటయే గాని నిర్ణయించు నధికారము దానికి లేదు. గ్రామసభల నడుగనే లేదని ఆదివాసీ సంఘములు చేసిన ఆక్షేపణలో బలము లేకున్నచో, ప్రభుత్వ మంత సులువుగ వెనుకంజ వేసియుండెడిది కాదు.

ఇక ఆ రిజర్వునకు పెట్టిన పేరును చూడుడు. అడవి తమదని నమ్మి అందు దున్నుకొను పల్లెలమీదికి వచ్చిన నిజాం అధికారులను ఎదిరించి, 1940లో జోడెఘాట్ కొండలలో ప్రాణములర్పించిన వీరుని పేరది! ఆయన మరణానంతరము నిజాం ప్రభుత్వమునకు గూడ జ్ఞానోదయమైనది. గోండుల కష్టమేమో తెలిసికొనుటకు హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించినది. ఆయన భార్యాసమేతుడై మార్లవాయిలో కాపురముండి, వారి భాష నేర్చి, గోండీలో చదువు చెప్పు బడికిని, భూముల పట్టాలకును బాట వేసెను. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరలో, అధికారులే వచ్చి గిరిజనుల మొర వినవలెనను దర్బారు ఆ దశాబ్దముననే ఏర్పడి నేటికిని సాగుచున్నది. మూడు తరముల పాటు నిలిచిన ఏర్పా టది; దానిని తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. కాని దర్బారులో నొకరు కూర్చుందురు, వేరొకరు నిలుతురు. ఒకరు దరఖాస్తు నిత్తురు, వేరొకరు దానిపై సంతకముచేసి క్రిందివారికి పంపుదురు. ఎనుబది ఏండ్లుగా ఈ జిల్లాలో ప్రభుత్వమునకును ఆదివాసికిని తెలిసిన పద్ధతి ఇదియే. మొర వినుట ఒకటి, కలసి నిర్ణయించుట వేరొకటి. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో, దర్బారు జరుగు చోటికి కొద్ది దూరముననే, సభకు వచ్చిన గోండులపై తుపాకులు పేలినప్పుడైనను ఈ భేదము మన పాలకులకు తట్టియుండవలసినది.

ఒక్కొక్క పక్షము ఒంటరిగా తన న్యాయము తాను చూచుకొన్నచో నేమగునో 2019 జూన్ మాస మొక్కటియే చాటినది. కాగజ్‌నగర్ మండలములోని కొలాంగోంది నుండి కొలాం కుటుంబములను అడవి వెలుపలికి తెచ్చి కలప డిపోలో నుంచిన ఉదంతము హైకోర్టు వరకు పోయినది. ఆ నెలాఖరుననే అదే మండలములోని సార్సాలలో, మొక్కలు నాటింప వచ్చిన మహిళా అటవీ అధికారిణిని కర్రలతో కొట్టిరి. మరుసటి సంవత్సరము నవంబరులో నొకే నెలలో ఆ జిల్లాలో ఇరువురు పులివాత బడిరి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవులలో రెండు పులులు చచ్చిపడియుండగా, వానిలో నొకటి విషము చల్లిన పశుకళేబరమును తిని మరణించినట్లు తేలినది. బీటు ఆఫీసరునకు బెదరింపు, ఆదివాసికి బేదఖలు, పశువుల కాపరికి నష్టము, పులికి విషము: ఎవరికిని మేలు జరుగని పోరాట మిది.

అడవిని చీల్చినది పోడు నాగలి యొక్కటియే యనుకొనుట పొరపాటు. ఢిల్లీ రైలుమార్గమును, మంచిర్యాల నుండి చంద్రపూర్ పోవు నాలుగు వరుసల రహదారియు, బొగ్గుగనులును ఈ పులిబాట నడ్డగించుచున్నవి. 2012లో ఏర్పడిన కవ్వాల్ టైగర్ రిజర్వు రెండువేల చదరపు కిలోమీటర్లకు పైబడియు పులులకు శాశ్వతనివాసము కాలేకపోవుటకు ఈ అడ్డంకులు కారణము కావా? గోండు పటేలును పిలిచి త్యాగము కోరువారు, రైల్వే ఇంజనీరును, రహదారుల సంస్థను, సింగరేణిని చర్చల బల్లయొద్దకు పిలువరేల? సమితి యనినప్పుడు మేము కోరున దీ విస్తృతినే. గోండు, కొలాం, నాయక్‌పోడు, ప్రధాన్, తోటి తెగలవారును, లంబాడీలును, దళిత, బీసీ రైతులును, అటవీ సిబ్బందియు, పులుల జాడ నెరిగిన శాస్త్రజ్ఞులును, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల అధికారులును అందుండవలెను. తెగలకు తెగలకు నడుమ కొన్నేండ్లుగా పెరిగిన కలహము నెరుగుదుము. ఆ కలహము చల్లారిన పిమ్మట కూర్చుందమన్నచో కూర్చుండు దినమే రాదు.

ఇది గాలిలో మేడ యనువారు ప్రాణహితకు ఆవలి యొడ్డునకు చూపు సారింతురు గాక. గడ్చిరోలి జిల్లాలో మెంఢా-లేఖా యను గోండు పల్లె గ్రామసభ 2009లో తన అడవిపై సాముదాయిక హక్కు సంపాదించి, 2011లో వెదురు అమ్ముకొను రవాణా పర్మిట్లను తానే యిచ్చు నధికారము పొందినది. ఆ హక్కు పొందిన పల్లె తన అడవిని నరికి అమ్ముకొనలేదు, కాచుకొన్నది. మనవైపు 2023 జూన్ 30న ఆసిఫాబాదులో ప్రారంభమై రాష్ట్రమంతట నాలుగు లక్షల ఎకరములకు పైగా పోడు పట్టాలు పంచబడినవి, సంతోషమే. కాని అవి వ్యక్తులకు దక్కిన పట్టాలు, ఊరికి దక్కవలసిన సాముదాయిక హక్కుల పని మాత్రము నత్తనడకనే నడచుచున్నది. కలసి నడుపుకొను శక్తి మనకు లేదందురా? 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాటి కరీంనగర్ జిల్లా ములుకనూరులో నెలకొల్పిన సహకార సంఘమును, చిన్న రైతును పెద్ద రైతును ఒకే సభలో కూర్చుండబెట్టి, తరములు మారినను నడుపుకొని వచ్చినవారు మన ప్రాంతపువారే.

పదిమందిని పిలిచిన కాలయాపన తప్పదని సచివాలయము శంకించును. మే నెలలో తొందరపడి వెలువరించి జూలైలో నిలుపుదల చేసిన ఉత్తర్వు మిగిల్చిన కాలమెంత? అవిశ్వాసము మాత్రము మిగిలినది. ఆదివాసీ నాయకులకును ఒక మాట చెప్పవలసియున్నది. పులి వలదను నినాదముతో సమితికి వచ్చినచో వచ్చి ప్రయోజనము లేదు; పోయిన పశువునకు పరిహార మెన్ని దినములలో ముట్టవలెను, ఏ వాగు వెంబడి పులి నడచును, ఏ మాసములలో మేతకు దూరముండవలెను అను ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలవారు మీరే. పల్లె కదలుట అనివార్యమైనచోట, 2024లో కడెం మండలపు మైసంపేట, రాంపూర్ గ్రామములవారికి భూమియో పదునైదు లక్షల రూపాయలో కోరుకొను అవకాశ మిచ్చినట్లు, సమ్మతియే మొదటి షరతు కావలెను. ఇచ్చిన మాట నిలువలేదని తేలినచో మరియొక పల్లెను కదలింప నెవరికిని అధికార ముండరాదు.

ముఖ్యమంత్రి, అటవీ, గిరిజన సంక్షేమ మంత్రులు తడవుచేయక 49వ నెంబరు జీవోను రద్దుచేసి, సమితి కూర్పును గెజెట్లో ప్రకటించి, తొలి సమావేశమును హైదరాబాదులో గాక జోడెఘాట్‌లో జరుపవలెను. ఆ సమావేశపు తీర్మానములను తెలుగులోను, గోండీలోను, కొలామీలోను గ్రామసభలలో చదివి వినిపించిన పిమ్మటనే ఏ రేఖయైనను పటముపై గీయవలెనని కోరుచున్నాము.