సీసా మందుతో చౌడు పోదన్నా

పోస్టు కొంచెం పొడుగైంది, కోపంల రాస్తున్న, ఏమనుకోకండి.

పోయిన వానాకాలం మా కింది మడిలో వరి ఆకులు తుప్పు రంగు తిరిగినయ్. ఒక దుకాణమాయన "పీహెచ్ దించే మందు" అని లీటరు సీసా చేతిలో పెట్టిండు. ఎకరానికి ఒక్కటి చాలన్నడు. కొన్న, పోసిన. పొలం అట్లనే ఉంది, పైసలే పోయినయ్. తప్పు ఆయనదెంతో నాదీ అంతే. లెక్క చూసుకోలే.

ఎకరంలో ఆరంగుళాల లోతు మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతది. పీహెచ్ 7 అంటే ఆమ్లమూ గాదు, క్షారమూ గాదు. అక్కడ్నించి ఒక్క అంకె పెరిగితే క్షారం పది రెట్లు, 9కి పోతే నూరు రెట్లు. మన పిల్లలు బడిలో ఇదే చదువుతరు, పసుపు సబ్బునీళ్లకు ఎర్రగైతదని పరీక్షల రాస్తరు. మనమేమో అంత మట్టిని లీటరు మందు మారుస్తదని నమ్ముతున్నం! మట్టిలో సున్నం ఉంటే ఆ కాస్త ఆమ్లాన్ని ఇట్టే మింగేస్తది.

ఇంకొందరు కేరళ వీడియోలు చూసి సున్నం చల్లుతున్నరు. అక్కడి నేలలు పులుపు, వాళ్లకు సున్నం కావాలె. చౌడు నేలకు సున్నమేందన్నా?

చౌడంతా ఒక్కటి గాదు. పైన తెల్లగ ఉప్పు తేలేది పాలచౌడు. మంచినీళ్లు నిలబెట్టి, ఉప్పు కరిగినంక బయటికి వదలాలె, దానికి జిప్సం దండగ. కారుచౌడు వేరు. సోడియం మట్టిని పట్టుకొని ఉంటది, నీళ్లు లోపలికి దిగవు, ఎండితే రాయే. జిప్సం ఆమ్లం గాదు, దాంట్ల కాల్షియం ఆ సోడియాన్ని తోసేస్తది. తోసినంక అది నీళ్లతో పోవాలె గద! జూరాల నీళ్లు మడి నిండ పెట్టుకుంటం గానీ మురుగుకాల్వ తియ్యమంటే గట్టు కాడ పంచాయితీ.

ఆకు తుప్పు రంగైతే యూరియా మీద యూరియా కొట్టుడు ఇంకో పిచ్చి. క్షారం ఎక్కువుంటే యూరియా అమ్మోనియా ఆవిరై గాలిల కలుస్తది, జింకు మొక్కకు అందదు. ఆడ కావాల్సింది జింకు సల్ఫేటు. దాన్ని గూడ డీఏపీల కలిపి చల్లొద్దు.

2015ల భూసార కార్డుల పథకం వచ్చింది. కార్డు మీద పీహెచ్, ఈసీ రెండూ ఉంటయి. ఈసీ ఉప్పు చెప్తది, పీహెచ్ క్షారం చెప్తది. కార్డు బీరువాల పెట్టి సీసా కొన్నోళ్లల్ల నేనొకణ్ణి.

యాసంగి కోతైనంక మట్టి తీసేటోళ్లు చౌడు తేలిన జాగ మట్టిని వేరే సంచిల పెట్టండి, మంచి మట్టితో కలపకండి.