గ్యాస్ పోయిందనే ముందు మంచు చూడండి

ఎండాకాలంలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో ఫ్రిజ్ మొరాయిస్తే తరచుగా వినిపించే తీర్పు ‘గ్యాస్ పోయింది’. పైన ఐస్ గడ్డకడుతూనే ఉంటుంది, కింద అరలో మాత్రం పాలు విరిగిపోతాయి, ఇడ్లీ పిండి పొంగి పులుస్తుంది. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది గ్యాస్‌ను కాదు, డీఫ్రాస్ట్‌ను. ఫ్రీజర్ వెనక పలక చాటున చల్లబరిచే గొట్టాలుంటాయి. వాటి మీద పేరుకునే మంచును చిన్న హీటర్ ఒకటి రోజుకు రెండు మూడుసార్లు కరిగించాలి. ఆ హీటరో, చల్లదనాన్ని బట్టి దానికి కరెంటు కలిపే బైమెటల్ స్విచ్చో, ఫ్యూజో, టైమరో పనిచేయకపోతే మంచు గోడకట్టి ఫ్యాన్ గాలిని అడ్డుకుంటుంది, చల్లదనం కిందికి దిగదు. కంప్రెసర్ ఆగకుండా తిరిగి కరెంటు బిల్లు పెంచుతుంది. (బటన్ నొక్కి మంచు కరిగించుకునే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లకు ఈ బాధ లేదు.)

దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చులేదు. ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయాలి. మళ్లీ వేశాక కొన్నాళ్లు చక్కగా పనిచేసి తిరిగి మొదటికొస్తే, గ్యాస్ ఉన్నట్టే. తలుపు రబ్బరు సరిగా అతుక్కుంటోందో లేదో కూడా చూసుకోవాలి. ఇంకా బలమైన సాక్ష్యం పలక విప్పితే దొరుకుతుంది: గొట్టాలన్నిటి మీదా దట్టంగా మంచుంటే లోపం డీఫ్రాస్ట్‌ది. ఒక మూలనే మంచుండి మిగతావి పొడిగా ఉంటే గ్యాస్ మాట నమ్మొచ్చు. ప్లగ్గు తీసే ఉంచి మల్టీమీటర్ పెడితే, 230 వోల్టులకు చేసిన 150 వాట్ల హీటర్ సుమారు 350 ఓములు చూపాలి, తీగ తెగితే ఏమీ చూపదు. బైమెటల్ దగ్గరే చాలామంది పొరబడతారు. అది మంచు చల్లదనంలోనే కలుస్తుంది, గది వేడిలో తెరుచుకునే ఉంటుంది. వేడిలో పరీక్షించి పాడైందంటే మంచి భాగాన్ని పారేసినట్టే.

కరెంటుతో చెలగాటం ఎందుకన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే హద్దు గీసుకోవాలి. వారంటీ ఉన్నంతకాలం పలక జోలికి వెళ్లొద్దు. మంచును కత్తితో పొడవొద్దు, అల్యూమినియం గొట్టానికి చిల్లిపడితే నిజంగానే గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే గ్యాస్ ఆర్600ఎ, అది మండే వాయువు. ఫ్యూజ్ కాలితే అదే రేటింగ్‌ది వేయాలి గానీ తీగతో కలిపేయకూడదు, అది అగ్నిప్రమాదాన్ని పిలవడమే. ఇన్వర్టర్ ఫ్రిజ్ బోర్డు పని మెకానిక్‌దే. మెకానిక్‌ల పొట్టకొట్టినట్టు కాదా అంటే, కాదు. రోగం తెలిసిన ఇంటికి వచ్చే నిజాయతీగల మెకానిక్‌కు మాటపడే అవసరం ఉండదు. నష్టం అబద్ధపు గ్యాస్ ఫిల్లింగ్‌కే. కొన్ని వందల రూపాయల బైమెటల్‌తో పోయే పనికి వేలు వదిలించుకోవడం మిరప కోత కూలీ కుటుంబానికి చిన్న దెబ్బ కాదు.

మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచే గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో గొట్టాల మీద మంచు పేరుకుంటే చల్లదనం పడిపోతుందని ఆపరేటర్లకు తెలుసు. ఆ తెలివిడి వంటింటికి చేరకపోవడానికి కంపెనీల మౌనమే కారణమని నా అభిప్రాయం. మరమ్మతు హక్కుపై కేంద్రం 2022 జులైలో కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో కంపెనీలు కస్టమర్ కేర్ నంబర్లతో సరిపెడితే చాలదు. డీఫ్రాస్ట్ సర్క్యూట్ చిత్రం, హీటర్ ఓములు, బైమెటల్ కలిసే ఉష్ణోగ్రత ప్రతి ఫ్రిజ్ వెనకా తెలుగులో అచ్చువేయాలి. అసలు విడిభాగాలు నరసరావుపేటలోనూ ఒంగోలులోనూ ధర చీటీతో ఎవరికైనా అమ్మాలి.