చలికాలపు పరుగు: సంవత్సరపు లెక్క, శరీరపు లెక్క

ఆరోగ్యము కొరకు పరుగెత్తు అలవాటు గత ఇరువది సంవత్సరములలో మన దేశపు నగరములందు విస్తారముగా వ్యాపించినది. ముంబయిలో 2004లోను, ఢిల్లీలో 2005లోను ఏటేట పెద్ద పరుగుపందెములు జరుగుట ఆరంభమైన పిదప, క్రీడాకారులు కానివారు సైతము వేలకొలదిగా వీథులలోనికి వచ్చిరి. గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, వర్తకులు, ఉద్యోగవిరమణ చేసినవారు వీరిలో నున్నారు. వీరెవ్వరును పతకము నాశించి పరుగెత్తువారు కారు. దేహము తేలికగా నుండవలెను, రక్తపుపోటు, మధుమేహము దరిచేరకుండవలెను, రాత్రి నిద్ర చక్కగా పట్టవలెను. వారి కోరిక యింతియే. ఇది మిక్కిలి మెచ్చదగిన అలవాటు.

ఈ అలవాటుతోపాటు మరియొకటి కూడ వచ్చినది. అది సంవత్సరపు లక్ష్యము. జనవరి మొదటి తేదీన ‘ఈ యేడు వేయి కిలోమీటర్లు పరుగెత్తెదను’ అని సంకల్పము చెప్పుకొందురు. ప్రతిదినపు దూరమును చేతిగడియారమో ఫోనో కూడుచుండును. డిసెంబరు 31వ తేదీన లెక్క చూచుకొందురు. సంకల్పము మంచిదే. బద్ధకించిన ఉదయమున మనుష్యుని మంచముపైనుండి లేపునది అదియే. కాని ఆ సంకల్పము డిసెంబరు నెలలో అప్పుగా మారి, ఆ యప్పును చలిలో, పొగలో, నొప్పికాలితో తీర్చుటకు పూనుకొన్నచో, ఆరోగ్యము కొరకు ఆరంభించిన పని ఆరోగ్యమునకే హాని యగును. తీరని లక్ష్యమును తీరనట్లే విడిచిపెట్టుట ఓటమి కాదనియు, కొన్నిసార్లు అదియే ఆరోగ్యమార్గ మనియు ప్రజలు గ్రహింపవలెను.

లెక్కతోనే ఈ సంగతిని పరిశీలింపవచ్చును. వేయి కిలోమీటర్లు లక్ష్యముగా పెట్టుకొన్న ఒక ఉద్యోగి నవంబరు నెలాఖరునకు 820 కిలోమీటర్లు పరుగెత్తెననుకొనుడు. నడుమ వేసవి యెండలు, ఒక జ్వరము, ఇంట ఒక వివాహము వచ్చి లెక్క వెనుకబడినది. మిగిలినవి 180 కిలోమీటర్లు, 31 దినములు. అనగా దినమునకు దాదాపు ఆరు కిలోమీటర్లు, వారమునకు నలుబదికి పైగా. అంతవరకు అతడు పరుగెత్తినది వారమునకు సగటున పదునేడు కిలోమీటర్లు మాత్రమే. పదునొకండు నెలలు ఒక బరువునకు అలవాటుపడిన కాళ్లపై పండ్రెండవ నెలలో రెండింతలకు మించిన బరువు పడును. ఏ రైతును తన యెద్దులపై ఒక్కనాటిలో ఇంత భారము పెంచడు.

దీనికితోడు ఆ పండ్రెండవ నెల ఎట్టిదో చూడవలెను. ఉత్తర హిందూస్థానమున, ముఖ్యముగా ఢిల్లీ పరిసరములందు, సంవత్సరములో ఆరుబయట కష్టపడి ఊపిరి తీయుటకు మిక్కిలి అననుకూలమైన కాలమది. ఉద్యోగమునకో, చదువునకో తెలుగు జిల్లాలనుండి అక్కడికి చేరినవారికి ఈ సంగతి మొదటి యేడు తెలియదు. కోస్తాలో జనవరి రాత్రులందు సైతము ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు అటునిటుగా నుండును. ఢిల్లీలో ఆ నెలలో రాత్రి కనిష్ఠము సగటున 7, 8 డిగ్రీల చుట్టు తిరుగును. కొన్ని దినములు అంతకంటెను తగ్గును. ఊరిలో తెల్లవారుజామున పరుగెత్తుటకు అలవాటుపడినవారు అక్కడను అదే వేళకు బయలుదేరుదురు. ఊరిలో మేలుచేసిన అలవాటు అక్కడ కీడు చేయవచ్చును.

చలి తగిలినప్పుడు దేహము తన వేడిని కాపాడుకొనుటకై చర్మమందలి రక్తనాళములను ముడుచుకొనును. అందువలన రక్తపుపోటు పెరుగును. గుండెకు పని అధికమగును. హృద్రోగము, అధిక రక్తపుపోటు గలవారు చలిలో హఠాత్తుగా వడిగా పరుగెత్తరాదని వైద్యులు చెప్పుటకు కారణ మిదియే. చల్లని పొడిగాలి శ్వాసనాళములను ఎండజేసి, ముడుచుకొనునట్లు చేయును. ఉబ్బసము గలవారికి పరుగు నడుమనో, ముగించిన కొంతసేపటికో దగ్గు, పిల్లికూతలు, ఆయాసము వచ్చును. ఈ రెండు తరగతులవారును వైద్యుని సలహా పొందిన పిమ్మటనే చలికాలపు పరుగునకు పూనుకొనవలెను. తక్కినవారు సైతము ఇంటిలోనే పది నిమిషములు కాళ్లు చేతులు కదలించి, దేహము వెచ్చబడిన పిదప బయటికి వెళ్లవలెను. నూలుబట్ట చెమటను పీల్చి తడిగా నిలుపుకొనును. తడిబట్ట వేడిని హరించును. త్వరగా ఆరు పలుచని బట్టపై ఉన్నిబట్ట తొడుగుకొనుట, తలను చేతులను కప్పుకొనుట, వచ్చిన వెంటనే తడిబట్టలు మార్చుకొనుట మేలు. చలిలో దాహము తోచదు గాని చెమటయు, ఊపిరియు నీటిని తీసికొనిపోవుచునే యుండును. కావున నీరు త్రాగుట మరువరాదు.

చలినుండి దుస్తులు కాపాడగలవు. గాలినుండి అవి కాపాడజాలవు. చలికాలపు రాత్రులందు నేల త్వరగా చల్లబడును. నేలనంటిన చల్లనిగాలి క్రిందనే నిలిచిపోయి, దానిపైన వెచ్చనిగాలి మూతవలె నుండును. వాహనముల పొగ, చలిమంటల పొగ, కర్మాగారముల పొగ ఆ మూత క్రిందనే చిక్కుకొనును. సూర్యుడు పైకి వచ్చి నేలను వేడిచేసిన తరువాతనే ఆ మూత తొలగును. కాబట్టి నిర్మలమైన దని తలచు ప్రాతఃకాలమే ఈ ఋతువులో తరచుగా మలినమైన వేళ. విశ్రాంతిగా కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు ఆరు, ఎనిమిది లీటర్ల గాలిని పీల్చును. వడిగా పరుగెత్తునప్పుడు అది అనేక రెట్లు పెరుగును, గాలి నోటిగుండ లోనికి పోవును. మిక్కిలి సూక్ష్మమైన ధూళి ఊపిరితిత్తుల లోతులకు చేరును. ముఖమునకు కట్టుకొన్న చేతిరుమాలు దానిని ఆపజాలదు.

మన దేశమున 2015లో వాయునాణ్యతా సూచిక అమలులోనికి వచ్చినది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దానిని ప్రతిదినము ప్రకటించుచున్నది. ఆ సూచిక 200 దాటిన గాలిలో చాలసేపు ఉన్నవారిలో అధికులకు ఊపిరి యిబ్బంది కలుగుననియు, 400 దాటినచో ఆరోగ్యవంతులకు సైతము హాని యనియు అందు చెప్పబడినది. 2017 నవంబరులో ఢిల్లీని పొగమంచు కప్పినప్పుడు, అర్ధ మారథాను పందెమును వాయిదా వేయవలెనని భారత వైద్యసంఘము కోరినది. పందెము జరుగనే జరిగినది; వేలమంది పరుగెత్తిరి. డబ్బు చెల్లించితిమి, నెలల తరబడి సాధన చేసితిమి, ఎట్లు మానుదుమని పలువురు తలచుట సహజమే. కాని ఊపిరితిత్తులకు ఈ వాదము తెలియదు. సూచిక 200 దాటిన దినమున ఆరుబయట పరుగు మానుట వివేకము. మధ్యాహ్నమున ఎండ వచ్చి గాలి మెరుగుపడినచో అప్పుడు పరుగెత్తవచ్చును. లేనిచో ఇంటిలో సూర్యనమస్కారములు, గుంజీలు, మెట్లెక్కుట వంటి వ్యాయామము ఆ దినమునకు చాలును.

ఇక దెబ్బల సంగతి. పరుగువలన కలుగు బాధలలో ఎక్కువభాగము క్రిందపడుటచే వచ్చునవి కావు. బరువును త్వరగా పెంచుటచే వచ్చునవి. సాధన ఆరంభించిన కొలది వారములలోనే ఊపిరి కుదురుకొనును, కండరములు బలపడును. కండరమును ఎముకకు బిగించి పట్టు స్నాయుబంధనములును, ఎముకలును అంత త్వరగా గట్టిపడవు. క్రొత్త భారము పడినప్పుడు ఎముకలో ముందు పాతభాగము కరుగును, పిదప క్రొత్తది పేరుకొనును. ఈ రెంటి నడుమ వారములందు ఎముక కొంత బలహీనముగా నుండును. ‘ఇంకను పరుగెత్తగలను’ అని ఊపిరి చెప్పుచున్నప్పుడే కాలియెముక చీలుటకు సిద్ధమై యుండవచ్చును. డిసెంబరు అప్పు తీర్చువారు ఈ ఉచ్చులోనే చిక్కుకొందురు.

కొన్ని గుర్తులను ప్రతివారును తెలిసికొనవలెను. పరుగు మరునాడు కండరములంతట తోచు సలుపు రెండు మూడు దినములలో తానే పోవును, దానికి భయపడనక్కరలేదు. ఉదయము మొదటి అడుగు వేయగానే మడమ క్రింద పొడిచినట్లుండుట, పిక్కకును మడమకును నడుమనున్న స్నాయువు బిగిసి నొచ్చుట — ఇవి దూరము తగ్గింపవలెనను హెచ్చరికలు. ఎముకపై వ్రేలు పెట్టి చూపదగినట్లు ఒకేచోట నొప్పి, పరుగెత్తిన కొలది పెరుగు నొప్పి, రాత్రి విశ్రాంతిలోను పోని నొప్పి, కుంటునట్లు చేయు నొప్పి, గజ్జలలో లోతుగా తోచు నొప్పి — వీనిలో ఏది యున్నను పరుగు వెంటనే ఆపి వైద్యునికి చూపవలెను. నొప్పి తెలియకుండ మాత్రలు మ్రింగి పరుగెత్తుట మిక్కిలి అపాయకరము. హెచ్చరికను వినబడకుండ చేయుటయే గాక, దేహమున నీరు తగ్గియున్నప్పుడు ఆ మాత్రలలో కొన్ని మూత్రపిండములకు హాని చేయును. జ్వరముతో పరుగెత్తరాదు, గుండె కండరమునకు వాపు వచ్చు ప్రమాదము కలదు. రొమ్మున నొప్పి, బిగువు, తలతిరుగుట తోచినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ఇంత విడిచిపెట్టినచో సంకల్పమునకు విలువ యేమి, క్రమశిక్షణ యెక్కడ, అని కొందరు అడుగుదురు. అది తోసివేయదగిన ప్రశ్న కాదు. ఒక్కనాడు మానినవాడు మరునాడును మానును. వారము గడచినచో బూట్లు మంచము క్రిందికి పోవును. ఈ భయము నిజమైనదే. అందుచేతనే లక్ష్యము ఉండవలెను. కాని క్రమశిక్షణ యనగా నిత్యము కొంత చేయుట. పదునొకండు నెలల కొరతను ఒక నెలలో పూడ్చుట కాదు. వ్రతమునకు సైతము రోగికి, బాలింతకు, వృద్ధునికి మినహాయింపు కలదు. మినహాయింపు లేని నియమమును మనుష్యుడు పాటింపలేడు. పాటింపలేక పూర్తిగా విడుచును.

పైన చెప్పిన ఉద్యోగి సంగతినే మరల చూడవలెను. వారమునకు పదునేడు కిలోమీటర్లు, కిలోమీటరునకు ఏడు నిమిషముల చొప్పున, దాదాపు రెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితమైన శ్రమ గాని, 75 మొదలు 150 నిమిషముల తీవ్రమైన శ్రమ గాని కావలెను. రెండు దినములైనను కండరములను బలపరచు వ్యాయామము చేయవలెను. అనగా తన లెక్కలో ఓడిపోయిన ఆ మనుష్యుడు పరుగు విషయమున ఆరోగ్యపు లెక్కలో పూర్తిగా నెగ్గినాడు. అతని గుండెకు కావలసినది 820 కిలోమీటర్లలోనే లభించినది. 1953లో ప్రకటింపబడిన లండను బస్సు ఉద్యోగుల పరిశోధనను ఇక్కడ తలచుకొనవచ్చును. దినమంతయు కూర్చుండి బస్సు నడపు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడెను. ఆ కండక్టర్లు ఏ లక్ష్యమును పెట్టుకొన్నవారు కారు, ప్రతిదినము కదలుచుండిరి.

విశ్రాంతివలన సంపాదించినదంతయు పోవునను భయమును నిరాధారము. వారము, పది దినములు ఆగినంతమాత్రమున దార్ఢ్యము కరగిపోదు. రెండు మూడు వారములు ఆగినచో కొంత తగ్గును. క్రమముగా మొదలుపెట్టినచో మరల వచ్చును. విరిగిన యెముకతో నెలల తరబడి కూర్చుండుటకంటె ఇది యెంతయో మేలు. సంవత్సరము డిసెంబరు 31న ముగియుట కూడ మనుష్యులు ఏర్పరచుకొన్న కట్టుబాటే. తెలుగువారి సంవత్సరము ఉగాదినాడు ఆరంభమగును. సర్కారు ఖాతాలు ఏప్రిలు మొదటి తేదీన ఆరంభమగును. దేహమునకు ఈ మూడింటిలో ఏదియు తెలియదు. దానికి తెలిసినది నిన్న మోసిన బరువు, నేడు మోయుచున్న బరువు, నడుమ దొరికిన నిద్ర.

కావున లక్ష్యము పెట్టుకొనునప్పుడే చలిని, జ్వరమును, ఇంటి పనులను లెక్కలో చేర్చుకొనవలెను. కిలోమీటర్లకు బదులు వారములను లెక్కించుట మంచి పద్ధతి. వారమునకు మూడు దినములు వ్యాయామము చేసిన వారములు సంవత్సరములో నలుబది యున్నచో చాలునని నిర్ణయించుకొనవచ్చును. మిగిలిన పండ్రెండు వారములు రోగములకు, పండుగలకు, పొగమంచునకు ముందే విడిచిపెట్టబడినవి. నడకయు, మెట్లెక్కుటయు, ఇంటిలోని వ్యాయామమును ఆ లెక్కలో చేరవలెను. దెబ్బ తగిలి మానినవారు మొదట నడకతోను, పిదప నడకయు పరుగును కలిపియు, తుదకు పరుగుతోను మరల మొదలుపెట్టవలెను. పొగమంచులో త్రోవ పట్టక తప్పనప్పుడు లేతరంగు బట్టలు ధరించి, ఎదుటినుండి వచ్చు బండ్లు కనబడునట్లు కుడివైపున నడువవలెను.

ఈ బాధ్యత పరుగెత్తువారిపై మాత్రమే మోపుట న్యాయము కాదు. మధ్యాహ్నపు ఎండలో ఉద్యానవనముల ద్వారములు తెరచియుంచుట, పాఠశాలల ఆటస్థలములను సెలవు దినములందు ఇరుగుపొరుగువారికి విడుచుట, చలికాలమున ఉద్యోగులకు పగటివేళ అరగంట వ్యాయామమునకు అవకాశమిచ్చుట పురపాలక సంఘములకును కార్యాలయములకును అసాధ్యము కాదు. పందెములు జరుపువారు గాలి చెడిన దినమున పందెమును వాయిదా వేయుటకు ముందే నియమము ఏర్పరచి, కట్టిన రుసుము పోదని చెప్పినచో, వేలమంది తమ ఊపిరిని పణముగా పెట్టనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది గాలిని శుభ్రపరచుట; అది ఏ ఒక్కని సంకల్పముతోను తీరునది కాదు, అందరును కలిసి సాధింపవలసినది.

ఈ డిసెంబరులో లెక్క తీరనివారు పుస్తకములో ఉన్న అంకెను ఉన్నట్లు వ్రాసికొని, నొప్పియున్న కాలికి విశ్రాంతి నిచ్చి, గాలి మెరుగుపడిన దినమున ఎండ వచ్చిన పిదప అరగంట నడచి రావలెను. మరుసటి యేడును, ఆ పై యేడును పరుగెత్తుటకు ఆ కాళ్లే కావలెను.