జీర్ణం కాకముందే విడిచిన వస్త్రం

వేదాంతగోష్ఠులలో వస్త్రప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. "దేహమే ఆత్మకు వస్త్రం వంటిది. ఇక ఆ దేహంమీది వస్త్రం గురించి సాధకుడికి విచారమెందుకు? ఏదో ఒకటి కట్టుకుంటే చాలదా?" ఈ మాట వినడానికి వైరాగ్యంలా ధ్వనిస్తుంది. పరిశీలిస్తే ఇందులో ఉన్నది ఔదాసీన్యం మాత్రమే. వైరాగ్యం భోగాన్ని వదులుతుంది, ఔదాసీన్యం బాధ్యతను వదులుతుంది. ఈ రెండింటికీ ఉన్న అంతరాన్ని మరచినందువల్లనే మన బీరువాలు నిండిపోతున్నాయి, మన నేతగాళ్ల మగ్గాలు మూగబోతున్నాయి.

మొదట ఆ ఉపమానాన్నే విచారిద్దాం. సాంఖ్యయోగంలో భగవానుడు దేహాంతరప్రాప్తిని వస్త్రధారణతో పోల్చాడు. అక్కడ నరుడు విడిచే వస్త్రాలకు ఉన్న విశేషణం జీర్ణత్వం. విసుగు పుట్టిన వస్త్రాలని గాని, వాడుక మారిన వస్త్రాలని గాని అక్కడ లేదు. కట్టి కట్టి, ఉతికి ఉతికి, పోగులు చివికి, ఇక దేహాన్ని కప్పజాలని స్థితికి వచ్చినవే జీర్ణవస్త్రాలు. ఉపమానం ఎప్పుడూ లోకప్రసిద్ధమైన విషయాన్నే ఆశ్రయిస్తుంది. జీర్ణమైన తరువాతనే వస్త్రాన్ని విడవడం లోకాచారమై ఉన్నందువల్లనే ఆ ఉపమానం అర్జునుడికి బోధపడింది.

మరి మన లోకాచారం ఏది? ఒక వివాహానికి కట్టిన చీర మరొక వివాహానికి పనికిరాదు. ఫొటోలో ఒకసారి కనిపించిన చొక్కా మరలా కనిపించరాదు. జీవాత్మ కూడా మన విధంగానే ప్రవర్తిస్తే, ఆయువు నిండకముందే, ఆరోగ్యంగా ఉన్న శరీరాన్ని "చాలు, పాతబడింది" అని విసర్జించవలసి వస్తుంది. దానిని మనం ఏ పేరుతో పిలుస్తామో చెప్పనక్కరలేదు. నిత్యం గీతాపారాయణ చేసేవారి ఇంట్లోనే ఆ శ్లోకంలోని ఉపమానం అర్థహీనమైపోవడం చిన్న విషయమా?

రెండవ ఆక్షేపం ఇంకా సూక్ష్మమైనది. "వస్త్రం ఎక్కడిది, ఎవరు నేశారు అనే విచారణ బహిర్ముఖమైనది కదా?" అంటారు. బృహదారణ్యకంలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి అడిగిన ప్రశ్నలు ఏ భాషలో ఉన్నాయో స్మరించండి. ఇదంతా దేనియందు పడుగుపేకలుగా అల్లుకొని ఉన్నది అని ఆ బ్రహ్మవాదిని అడిగింది. జలం నుండి బ్రహ్మలోకం దాకా ఒక్కొక్క పోగునూ పట్టుకొని వెళ్లింది, మరొకసారి లేచి అక్షరతత్త్వం దాకా చేరింది. 'ఓతప్రోతం' అనే మాట మగ్గం నుండి వచ్చిన మాట. శంకర భగవత్పాదులు సూత్రభాష్యంలో కార్యకారణాల అనన్యత్వాన్ని నిరూపిస్తూ వస్త్రాన్నీ తంతువులనూ దృష్టాంతంగా గ్రహించారు. కార్యాన్ని చూసి కారణాన్ని అన్వేషించడమే వేదాంతి స్వభావం. జగత్తుకు కారణమేమని అడిగేవాడు తన భుజంమీది ఉత్తరీయానికి కారణమేమని అడగడం బహిర్ముఖత్వమని ఎలా అంటారు?

ఆ ప్రశ్న అడిగితే వచ్చే సమాధానం చాలామందికి రుచించదు. 'పట్టు' అనే పేరుతో అంగడిలో తళతళలాడే వస్త్రాలలో ఎన్నో పాలియెస్టర్‌తో చేసినవి. దాని మూలం భూగర్భ తైలం. మైనపుపండును నైవేద్యంగా పెట్టడానికి మనస్సు ఒప్పుకోదు గాని, అటువంటి చీరను అమ్మవారికి సమర్పించడానికి సంకోచించం. ఆ వస్త్రాన్ని ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయి. 2027లో గోదావరీ పుష్కరాలు రానున్నాయి. నదిలో మునిగి, కట్టుబట్టలను అక్కడే విడిచివచ్చే అలవాటు మనలో ఎందరికో ఉన్నది. నూలుబట్ట అయితే కాలక్రమాన మట్టిలో కలుస్తుంది. పాలియెస్టర్ బట్ట కలవదు. తల్లి అని పిలిచి, ఆ తల్లి ఒడిలో ఎన్నటికీ జీర్ణం కానిదాన్ని విడిచి, పాపం పోయిందని అనుకోవడం ఏ శాస్త్రసమ్మతం?

ఇప్పుడు గొంగడి వద్దకు వద్దాం. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు తరతరాలుగా దక్కనీ గొర్రెల ఉన్నితో గొంగళ్లు, కంబళ్లు నేస్తున్నారు. ఉన్నిని ఏకి, స్త్రీలు రాట్నంమీద వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంమీద నేస్తారు. రంగు వేయనవసరం లేదు. గొర్రె నలుపే గొంగడి నలుపు. ఎండకు, వానకు, చలికి, పడకకు కాపరికి అది ఒక్కటే ఆశ్రయం. ఉన్నితో పేనిన కంకణాన్ని వివాహంలో కట్టుకొనే ఆచారం వల్ల ఆ పేరే వచ్చిన శాఖ ఆ కులంలో ఉన్నది. కొమురవెల్లి మల్లన్నను, బీరప్పను కొలిచే ఆ జనానికి ఉన్ని కేవలం సరకు కాదు.

శాస్త్రం కూడా ఉన్నిని దూరం పెట్టలేదు. ఉపనయన ప్రకరణంలో బ్రహ్మచారి వస్త్రాలుగా మనుస్మృతి చెప్పిన వాటిలో జనపనార, అవిసెనార, గొర్రె ఉన్ని ఉన్నాయి. దాని పంచమాధ్యాయం ఉన్నిబట్టను చౌటిమన్నుతోను, కంబళాన్ని కుంకుడుకాయలతోను శుద్ధి చేయమన్నది. మన పెద్దలు మడికి కట్టిన ధావళి ఉన్నిబట్టయే. జపానికి కంబళాసనం ప్రశస్తమని ఎరుగనివారు లేరు. అయినా నేడు సాధకుల క్రింద ఉన్నది ఏమిటి? రసాయనపు నురుగుతో చేసిన చాప. ధ్యానయోగంలో ఆసనం గురించి భగవానుడు చెప్పిన మాటలను ఆ చాపమీద కూర్చొనే చదువుతున్నాం.

ఇక్కడ అహింసావాదులు అడ్డుపడతారు. "గొర్రెలను పెంచేది వధకే కదా? ఆ ఉన్నిని మేము తాకం" అంటారు. వారి కరుణను శంకించను, వారి తర్కాన్ని శంకిస్తాను. ఉన్ని కత్తిరిస్తే గొర్రె చావదు, మరలా పెరుగుతుంది. ఉన్నికి విలువ ఉన్నంతకాలం బ్రతికి ఉన్న గొర్రెకు విలువ ఉంటుంది. ఉన్నిని కొనేవారు లేనప్పుడు మిగిలేది మాంసం విలువ ఒక్కటే. జరిగినదీ అదే. ఉన్ని లేని, బొచ్చు మాత్రమే ఉండే నెల్లూరు జాతి గొర్రెలు తెలంగాణ మందలలో దక్కనీ గొర్రె స్థానాన్ని ఆక్రమిస్తూ వచ్చాయి. 2017లో ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ఆరంభించినప్పుడు కూడా లక్ష్యం మాంసమే. కత్తిరించిన ఉన్నిని అమ్ముకొనే దారి లేక పారవేసే కాపరులు ఉన్నారు. ఉన్నిని తాకనని వ్రతం పట్టినవాడు గొర్రెను రక్షించలేదు, దాని విలువను కత్తికే అప్పగించాడు.

హింస గురించి నిజంగా బాధపడేవారు పట్టు గురించి మాట్లాడాలి. గూటిలోని పురుగును ఉడికించి తీసిన దారం అది. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతీస్వామివారు పట్టు ధారణను విడవమని స్పష్టంగా ఉపదేశించారు. ఎందరు విన్నారు? చిలుక గూడు చీల్చుకొని ఎగిరిపోయిన తరువాత నూలు తీసే అహింసాపట్టును మన హైదరాబాదు వాసి కుసుమ రాజయ్యగారు లోకానికి పరిచయం చేశారు. మార్గం లేదని చెప్పడానికి ఇక వీలు లేదు.

చివరి ఆక్షేపం ధర. చేనేత ఖరీదెక్కువ, నిజమే. రెక్కాడితే గాని డొక్కాడనివారికి ఈ ఉపదేశం వర్తించదు. వారు జీర్ణమయ్యేదాకా కట్టుకొంటూనే ఉన్నారు, ఈ విషయంలో వారే మనకు గురువులు. ఏడాదికి పది చీరలు కొని "చేనేత భరించలేం" అనేవారితోనే నా వాదం. పది కొనే ధనంతో రెండు కొనవచ్చు. అయితే గొంగడిని గోడకు అలంకారంగా వేలాడదీసి, అది కొత్త ఫ్యాషన్ అని మురిసిపోయే సంపన్నులు కూడా ధర్మాన్ని ఆచరించినట్లు కాదు. కొన్నదాన్ని వాడాలి, చిరిగితే కుట్టుకోవాలి, వారసులకు ఇవ్వాలి. భోగం నెమ్మదించినంత మాత్రాన త్యాగం కాదు.

వర్తకులను కూడా వదలను. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించే చట్టం 1985 నుండి ఉన్నది. అయినా మరమగ్గం బట్టకు చేనేత అని పేరు పెట్టి అమ్మడం ఆగలేదు. అది అస్తేయవ్రతానికి భంగం. తెలిసి కొనేవాడికీ ఆ దోషంలో భాగం ఉంటుంది. 2019–20 నాటి గణన ప్రకారం దేశంలో చేనేతమీద ఆధారపడినవారు 35 లక్షలకు పైగా ఉన్నారు, వారిలో అత్యధికులు స్త్రీలు. పొందూరులో వాలుగచేప దవడతో పత్తి ఏకే అవ్వలు, కురుమల ఇళ్లలో ఉన్ని వడికే అమ్మలు ఆ సంఖ్య వెనుక ఉన్న ముఖాలు. వారి రాట్నం ఆగితే, వారి మనుమరాలికి ఆ విద్య చెప్పేవారు ఉండరు. గ్రంథం పోతే మరొక ప్రతి దొరకవచ్చు; చేతిలో ఉన్న విద్యకు మరొక ప్రతి లేదు.

కనుక సాధకులారా, పెద్ద సంకల్పాలు అక్కరలేదు. ఇంట్లో ఉన్నది జీర్ణం కానిదే కొత్తది కొనకండి. జపానికి ఒక గొంగడి సంపాదించండి, వీలైతే నేసినవారి చేతినుండే, బేరమాడకుండా. మీ ఊరి దేవాలయంలో స్వామికి వస్త్రం సమర్పించేటప్పుడు అది ఏ నూలు, ఎవరు నేశారు అని విచారించండి. సమాధానం దొరకనిదాన్ని దేవుడి భుజంమీద వేయకండి. పడుగు ఎవరిదో, పేక ఎవరిదో ఎరిగి కట్టిన వస్త్రమే మడివస్త్రం.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.