వృత్తివిద్యా సంస్కరణము

అమెరికాయందలి టెక్సాస్ రాష్ట్రమువారు 2023వ సంవత్సరమున కమ్యూనిటీ కళాశాలలను గూర్చి యొక శాసనము గావించిరి. అచ్చట నిట్టి కళాశాలలను నడపు మండలములు 50 కలవు. రెండేండ్ల చదువును, ఉద్యోగమునకు వలయు పనితనమును స్వల్పవ్యయముతో నేర్పు నీ కళాశాలలు సామాన్యకుటుంబములకు పెద్ద యండ. పూర్వము ప్రభుత్వమువారు విద్యార్థులకు బోధించిన గంటల లెక్కనే ప్రధానముగా జూచి ధనమిచ్చెడివారు. ఇప్పుడు ఫలమును జూచి యిచ్చుచున్నారు. విద్యార్థి విలువగల యోగ్యతాపత్రము నందెనా? విశ్వవిద్యాలయమునకు దాటెనా? హైస్కూలులో నుండగనే కళాశాల పాఠములను గొన్నింటిని ముగించెనా? ఇవియే నేటి కొలబద్దలు.

ఇందొక యపాయము లేకపోలేదు. ఫలమునకే పైకమన్నచో, ఫలించువారినే యేరుకొని తక్కినవారిని గడప వెలుపల నిలుప నే కళాశాలకైనను మనసు పుట్టును. శాసనకర్త లిది గుర్తెఱిగి, బీదవారును, చదువున వెనుకబడినవారును, వయస్సు వచ్చి చదువ జేరినవారును గట్టెక్కినచో నధికద్రవ్య మొసగు నియమమును జేర్చిరి. ఈ నియమమే యా శాసనమునకు ప్రాణము.

పరదేశపు ముచ్చట మనకేల యందురా? తెలంగాణ ప్రభుత్వమువారు 2024లో 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సంస్థతో గలసి యధునాతన కేంద్రములుగా మార్చ బూనిరి. 2,324 కోట్ల రూపాయల వ్యయమును బ్రకటించిరి. క్రొత్త యంత్రములు వచ్చుట మేలే. కాని యంత్రము తనంత దాను పని నేర్పదు. నేర్పు గురువు లుండిరా? నేర్చినవారిలో నెందఱు పనిలో నిలిచిరి? ఎంత జీతము నందిరి? పై చదువునకు దారి దొరకినదా? ఈ లెక్కలను ఏటేట బ్రజలయెదుట నుంచవలెను. లెక్క లేని వ్యయము శంకుస్థాపనలతోడనే ముగియును.

ఆంధ్రులకిది వినని మాట కాదు. 1910లోనే కోపల్లె హనుమంతరావుగారు మున్నగు పెద్దలు బందరున నాంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, చదువును జేతిపనిని నొక్క కప్పు క్రిందికి దెచ్చిరి. అయినను, పొరుగువాని కొడుకునకు ఐ.టి.ఐ., తన కొడుకునకు ఇంజనీరింగు అను తలపు మన గృహస్థులను నేటికిని వీడలేదు. పంపు చెడినప్పుడు మెకానిక్కునకై యూరెల్ల వెదకుదుము. మన బిడ్డ మెకానిక్కగుటకు మాత్ర మొప్పము.

ప్రభుత్వమువారిని లెక్క యడుగు నధికారము మనకు గలదు. అడుగుటకు ముందు మన యింటి లెక్కనుగూడ సరిచూచుకొందము.