ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు

గత సంవత్సరం నా బాల్యమిత్రుడు గతించాడు. దహనం ముగించుకొని వచ్చి, ఆ రాత్రి నేను గాఢంగా నిద్రపోయాను. ఆ సిగ్గుతోనే గిల్గమేష్ కావ్యాన్ని మళ్ళీ తెరిచాను.

దాన్ని మృత్యుభయ కావ్యమంటారు. నాకది సగం మాటగానే తోస్తుంది. భయానికి ముందు అక్కడ ఉన్నది శోకం. ఎంకిడు పోగానే ఉరుక్ రాజు మిత్రుని ముఖానికి పెళ్ళికూతురికి వలె మేలిముసుగు కప్పుతాడు. కూనలను కోల్పోయిన ఆడుసింహం వలె అటూ ఇటూ తిరుగుతాడు. ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు విలపిస్తూ, నాసిక నుండి పురుగు రాలేవరకు కళేబరాన్ని ఖననానికి ఇవ్వడు. బీభత్సం కరుణకు ఇంతగా అంగమైన ఘట్టాన్ని నేను వేరొకచోట చదవలేదు.

11వ పలకలో, అమరత్వం కోరి వచ్చిన అతనికి ప్రళయం దాటి బ్రతికిన ఉతనపిష్తి పెట్టిన పరీక్ష కూడా అన్ని పగళ్ళు, అన్ని రాత్రులు మేలుకొని ఉండడమే. కూర్చున్నాడో లేదో, మంచులా నిద్ర కమ్ముకొంది! ఉతనపిష్తి భార్య రోజుకొక రొట్టె కాల్చి తలాపున పెట్టింది. ఏడవది నిప్పుల మీద ఉండగా లేపితే, ఇప్పుడే కునుకు పట్టిందంటాడు పాపం. తొలి రొట్టె అప్పటికే ఎండిపోయింది.

ఆ సంఖ్య వట్టి కవిసమయం అనవచ్చు. ఎంకిడు షంహత్‌తో గడిపినదీ అంతే కాలం మరి. కానీ చెలికాని శవాన్ని అన్నాళ్ళు విడువనివాడు తన ప్రాణం కోసం ఒక్క రాత్రి మేలుకోలేకపోవడాన్ని అంతటితో సరిపెట్టుకోలేను. ఆ రొట్టెల వద్ద నా సిగ్గు కొంత సద్దుమణిగింది.